రాగి తీగ, జువ్వి కొమ్మ: బోన్సాయ్‌కి తొలిసారి తీగ చుట్టేవారికి

మా డాబా మీద బోన్సాయ్‌గా, అంటే కుండీలోనే చిట్టి చెట్టుగా, పెంచుతున్న ఒక జువ్వి ఉంది. ఎత్తు 40 సెంటీమీటర్లు. కుండీతో సహా రెండు చేతుల్లో ఒదిగిపోతుంది. దాని ఎడమవైపు మొదటి కొమ్మ మీద, మానుకు నాలుగు వేళ్ల దూరంలో, మెలికలు తిరుగుతూ సాగిన గాడి ఒకటి కనిపిస్తుంది. కొమ్మకు వంపు తేవడానికి 2016 వానాకాలంలో నేను చుట్టిన రాగి తీగ అక్కడ బెరడులోకి దిగిపోయింది. జూలై మొదటివారంలో చుట్టాను. ఆరునెలలు ఉంచవచ్చని ఎక్కడో చదివి, నిశ్చింతగా వదిలేశాను. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం కుండీ పక్కకు జరపబోతే, తీగకు రెండువైపులా బెరడు ఉబ్బి, నడుమ తీగ సగం మునిగి కనిపించింది. ఎనిమిది వారాలు కూడా కాలేదు.

ఆరునెలల లెక్క చలిదేశాల్లోని పైన్ చెట్లకు సరిపోతుందేమో. విశాఖలో వానలు మొదలయ్యాక జువ్వి, రావి, మర్రి చెట్లు ఆగవు. ఉక్కపోత మనకు చిరాకు, వాటికి విందు. అందుకే తీగ ఎలా చుట్టాలో చెప్పే ముందే ఒక మాట చెబుతున్నాను: చుట్టడం ఒక పూట పని. ఆ తరువాత వారం వారం వచ్చి చూడలేనివారు ఇంకా చుట్టకండి. చూసే తీరిక దొరికినప్పుడు మొదలుపెట్టండి, చెట్టు ఎక్కడికీ పోదు.

నా వృత్తి మోటార్ల వైండింగ్. కంచరపాలెంలో చిన్న దుకాణం. రోజంతా రాగి తీగతోనే పని కాబట్టి ఈ విద్య నాకు సులువుగా పట్టుబడుతుందనుకున్నాను. తీగ తెలియడం వేరు, కొమ్మ తెలియడం వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

మొదటి చెట్టు ఎక్కడ దొరుకుతుంది

నా జువ్విని కొనలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా దుకాణం పక్క భవనం పిట్టగోడ కూలింది. రెండు రోజుల తరువాత శిథిలాలు ఎత్తుతుంటే ఒక ఇటుక ముక్కను వేళ్లతో పెనవేసుకున్న జువ్వి మొక్క దొరికింది. ఆకు ఒక్కటీ లేదు. పెయింటు డబ్బాకు అడుగున చిల్లులు పెట్టి, మట్టి వేసి నాటాను. మూడో వారానికి చిగురు పెట్టింది. ఆ ఇటుక ముక్క ఇప్పటికీ వేళ్ల మధ్యే ఉంది. రాతిని కరచుకున్న వేళ్లతో పెంచే పద్ధతిని జపాను వారు సెకిజోజు అంటారని తరువాత తెలిసింది. మన పాత మేడల గోడలు ఆ పని ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాయి.

విశాఖ పాతపట్నంలో ఏ వీధికి వెళ్లినా గోడ పగుళ్లలో రావి, జువ్వి, మర్రి మొలకలు కనిపిస్తాయి. పక్షులు వేసిన విత్తనాలవి. ఇంటివారు ఎలాగూ పీకించేస్తారు. ముందుగా అడిగి, వానలు పడ్డ తరువాత తెచ్చుకోండి. గోడలో నెమ్మదిగా పెరిగిన మొక్కకు మొదలు లావుగా, కణుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. బోన్సాయ్‌కి కావలసింది అదే. రావిని కత్తిరించకూడదని పట్టింపు ఉన్న ఇళ్లలో జువ్వినో, మేడినో ఎంచుకోవచ్చు. పెద్దల మనసు నొప్పించి చెట్టు పెంచనక్కరలేదు.

గోడ మొక్క దొరకకపోతే నర్సరీకి వెళ్లి ఫైకస్ (రావి, జువ్వి, మర్రి చెట్ల జాతి) అని అడగండి. మన ఊరి నర్సరీలకు చాలా మొక్కలు గోదావరి ఒడ్డున ఉన్న కడియం నుంచే వస్తాయి. పొడుగ్గా, ఆకులతో నిండుగా ఉన్నదాన్ని చూసి మురిసిపోవద్దు. కుండీలో పైమట్టిని వేలితో కాస్త పక్కకు తీసి మొదలు చూడండి. వేళ్లు చుట్టూ పరచుకుని, మొదలు కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ ఉంటే అదే మీ చెట్టు. ఆకులు రేపు వస్తాయి, మొదలు లావెక్కడానికి ఏళ్లు పడుతుంది. మొట్టమొదటి ప్రయత్నానికి సరుగుడు వద్దు. అది చిన్న కుండీలో ఎండుదలను సహించదు, కొమ్మ మీద పచ్చదనమంతా తీసేస్తే ఆ కొమ్మ మళ్లీ చిగురించకుండా ఎండిపోవడం నేను రెండుసార్లు చూశాను. ఫైకస్ జాతి మాత్రం ఎన్ని పొరపాట్లు చేసినా ఓర్చుకుంటుంది.

మట్టి గురించి క్లుప్తంగా చెబుతాను. జల్లించిన ఇటుక ముక్కలు రెండు వంతులు, ఏటి ఇసుక ఒక వంతు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు. బీచ్ ఇసుక వాడకండి, ఉప్పు వేళ్లను చంపుతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెచ్చుకుందామని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడి నుంచి గుప్పెడు మట్టి కూడా తీయకూడదు. 

తీగ సంగతి

నిజం చెప్పాలంటే, కొత్తవారికి అల్యూమినియం తీగే మంచిది. బోన్సాయ్ కోసం గోధుమ రంగు పూతతో, 1 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా రకరకాల మందాల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మెత్తగా వంగుతుంది, తప్పు చుడితే సరిదిద్దుకోనిస్తుంది. రాగి అలా కాదు. ఒకసారి వంచగానే గట్టిపడుతుంది. రెండోసారి అదే చోట తిప్పబోతే మొండికేస్తుంది, ఆ మొండితనం కొమ్మ మీద పడుతుంది. అయితే అల్యూమినియం కంటే సన్నని రాగి తీగ అదే కొమ్మను పట్టి ఉంచగలదు. చెట్టు మీద అంతగా కనిపించదు. చేయి తిరిగాక రాగికి రండి.

మా వృత్తిలో తీగ మందాన్ని గేజీలో చెప్పుకుంటాం. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, తడబడేది ఇక్కడే. 14 గేజీ అంటే సుమారు 2 మిల్లీమీటర్లు. 16 గేజీ 1.6, 18 గేజీ 1.2, 20 గేజీ 0.9 మిల్లీమీటర్లు. కొమ్మ మందంలో మూడోవంతు మందమున్న అల్యూమినియం తీగ సరిపోతుంది. పెన్సిలంత కొమ్మకు రెండున్నర మిల్లీమీటర్ల అల్యూమినియం, లేదా 14 గేజీ రాగి. లెక్క నమ్మకం లేకపోతే ఇలా చూడండి: తీగ చివర జానెడు వదిలి పట్టుకుని, దాని కొసతో కొమ్మను నెట్టండి. కొమ్మ ముందు కదిలితే తీగ చాలు. తీగే వంగిపోతే ఇంకా మందమైనది కావాలి.

మోటారు వైండింగ్‌కు వచ్చే తీగ కర్మాగారం నుంచే మెత్తగా కాలి వస్తుంది. సన్నని రెమ్మలకు అది చక్కగా పనికివస్తుంది. మీ వీధిలోని వైండింగ్ దుకాణంలో అడిగితే మిగిలిన ముక్కలు తూకానికి ఇస్తారు. లావు తీగ కావాలంటే కరెంటు సామాను దుకాణంలో ఎర్తింగ్ కోసం అమ్మే ఒట్టి రాగి తీగ తీసుకోండి. అది గట్టిగా ఉంటే మెత్తపరచాలి. వదులుగా చుట్టలా చుట్టి, సాయంత్రం చీకటి పడ్డాక వరిగడ్డి మంటలోనో, బొగ్గుల మీదో పెట్టండి. మసక ఎరుపు తిరగగానే తీసేయండి. పగటి వెలుగులో ఆ ఎరుపు కనిపించదు, అందుకే చీకట్లో చేయమంటున్నాను. నీళ్లలో ముంచినా ఫరవాలేదు. ఉక్కులా రాగి నీళ్లలో గట్టిపడదు. పూత ఉన్న వైండింగ్ తీగను మాత్రం ఇంట్లో కాల్చకండి, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. కాయిల్స్ కాల్చిన రోజుల్లో మేము దగ్గిన దగ్గులు నాకు గుర్తున్నాయి.

పనిముట్లు మూడు చాలు: పదునైన కత్తెర, చిన్న కటింగ్ ప్లేయర్, కుండీని తిప్పి చూడటానికి అడుగున ఏదైనా తిరిగే పీట. మా ఇంట్లో రొట్టెలు చేసే చెక్కపీట కింద పాత టేబుల్ ఫ్యాను బేరింగు బిగించాను. పీట పోయినందుకు మా ఆవిడ ఒక వారం మాట్లాడలేదు గానీ, చెట్టును నాలుగువైపులా చూడటానికి అంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు.

చుట్టే ముందు చూడటం

ముందురోజు నీళ్లు కాస్త తగ్గించండి. నీరు నిండిన కొమ్మ పెళుసుగా ఉంటుంది, కొద్దిగా దాహంతో ఉన్న కొమ్మ మెత్తగా వంగుతుంది. మట్టి పూర్తిగా ఎండనివ్వకూడదు సుమా.

చెట్టును కంటి ఎత్తున పెట్టి కూర్చోండి. పైనుంచి చూస్తే ఏ చెట్టయినా పొదలాగే కనిపిస్తుంది. పీట తిప్పుతూ, వేళ్లు బాగా పరచుకున్న వైపు, మాను మీకేసి కొద్దిగా వంగినట్టు కనిపించే వైపు వెతకండి. అదే చెట్టు ముఖం. ముఖం తేలాక కొమ్మలు లెక్కపెట్టండి. మొదటి కొమ్మ చెట్టు ఎత్తులో మూడోవంతు దగ్గర ఉంటే నిండుగా ఉంటుంది. మాను వంపు తిరిగిన చోట బయటివైపు కొమ్మను ఉంచి, లోపలివైపు దాన్ని తీయండి. ఒకే ఎత్తులో ఎదురెదురుగా రెండు కొమ్మలుంటే ఒకటి పోవాలి. రెండూ ఉంటే అక్కడ మాను ఉబ్బి, కొన్నాళ్లకు మెడలో కంతిలా తయారవుతుంది.

ఏ కొమ్మ తీయాలో తేలకపోతే దాన్ని తెల్ల గుడ్డతో కప్పి, పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. లేకపోయినా బాగుందనిపిస్తే తీయండి. అనుమానం ఉంటే ఉంచండి. కొమ్మను మళ్లీ అతికించలేం.

జువ్వి, రావి, మర్రి కోసిన చోట పాలు కారతాయి. తడిగుడ్డతో అద్దితే ఆగుతాయి. అవి కంట్లో పడకుండా, చర్మానికి అంటకుండా చూసుకోండి. కత్తెర వెంటనే తుడవకపోతే ఆ జిగురు ఎండి నోరు తెరుచుకోదు.

చెట్టుకు ఏ రూపం ఇవ్వాలన్న విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. జపాను పద్ధతుల్లో నిటారుగా పెరిగేది చొక్కన్, వంపులతో పైకి వెళ్లేది మోయోగి, ఒరిగినది షాకన్, కుండీ అంచు దాటి కిందికి జారేది కెంగై. కొత్తవారు మోయోగితో మొదలుపెట్టవచ్చు. బొమ్మల్లో కనిపించే పైన్ చెట్టు కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, ఏళ్ల తరబడి మంచు బరువు మోసిన చెట్టు రూపం అది. మన జువ్వి మీద ఏనాడూ మంచు పడలేదు. కొమ్మలన్నిటినీ బలవంతంగా కిందికి లాగితే అది జువ్విలా ఉండదు, పైన్‌లా కూడా ఉండదు. మీ వీధి చివర ఉన్న రావిచెట్టును ఒక ఉదయం పావుగంట నిలబడి చూడండి. కొమ్మ మాను నుంచి కాస్త పైకి లేచి, బరువుకు అడ్డంగా సాగి, చివర మళ్లీ వెలుగుకేసి తల ఎత్తుతుంది. మీ తీగ ఆ గీతనే గీయాలి.

సరుగుడు రూపం చూడాలంటే భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు ఉంది. సముద్రానికి ఎదురుగా నిలబడ్డ చెట్లు గాలికి వీపు తిప్పి, కొమ్మలన్నీ ఒకేవైపు దువ్వినట్టు ఉంటాయి. దీన్ని ఫుకినగాషి అంటారు. రెండో మూడో సంవత్సరంలో, చేయి కుదిరాక అది ప్రయత్నించండి.

చుట్టడం

ముందు చెట్టు మీద వద్దు. అప్పుడే కోసిన జామకొమ్మ ఒకటి తెచ్చుకుని దాని మీద పదిసార్లు చుట్టి, విప్పి చూడండి. జామ గట్టిది, మీ చేతి బరువు ఎంతో చెబుతుంది.

ఇక్కడ నా వృత్తే నాకు అడ్డం వచ్చింది. మోటారు కాయిల్‌లో చుట్టు పక్కన చుట్టు ఆనుకుని, సందు లేకుండా ఉండాలి. పాతికేళ్ల అలవాటు. చెట్టు మీద అలా చుడితే తీగ స్ప్రింగులా సాగుతుందే తప్ప కొమ్మను పట్టి ఉంచదు. మరీ ఎడంగా, సాగదీసి చుట్టినా జారిపోతుంది. తీగ కొమ్మకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో సాగాలి. అన్ని చుట్లూ ఒకే ఎడంలో ఉండాలి. కొమ్మ పొడవుకు ఒకటిన్నర రెట్లు తీగ కత్తిరించుకుంటే సరిపోతుంది, మానుకు చుట్టడానికి ఇంకో బెత్తెడు కలుపుకోండి.

వరుస ఇది: ముందు మాను, తరువాత లావు కొమ్మలు, చివర రెమ్మలు. కింది నుంచి పైకి. మానుకు చుట్టేటప్పుడు తీగ కొసను చెట్టు వెనకవైపు మట్టిలోకి, కుండీ అడుగు తగిలేదాకా గుచ్చండి. ఆధారం కదిలితే పైన ఎంత బాగా చుట్టినా వ్యర్థమే. కొమ్మలకు ఒకే తీగతో రెండేసి కలపండి. దగ్గరదగ్గర ఎత్తుల్లో ఉన్న రెండు కొమ్మలు ఎంచుకుని, తీగ నడిమి భాగాన్ని మాను చుట్టూ కనీసం ఒక చుట్టు తిప్పి, ఒక కొసను ఒక కొమ్మకు, రెండోదాన్ని రెండో కొమ్మకు తీసుకెళ్లండి. ఒక కొమ్మను వంచితే రెండో కొమ్మ కూడా కదులుతోందా? అయితే మాను దగ్గర పట్టు చాలలేదు, విప్పి మళ్లీ చుట్టండి.

ఎడమచేత్తో అప్పటిదాకా చుట్టిన భాగాన్ని కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో తీగను నడిపించాలి. తీగ కొమ్మను తాకి ఉండాలి, నొక్కకూడదు. తీగ పక్క నుంచి కాగితం దూరేంత వదులుంటే పట్టు లేదు. బెరడు మీద గోరు గీసినట్టు గీత పడితే బిగువు ఎక్కువైంది. ఆకులను తీగ కింద ఇరికించకండి, ఒక్కో ఆకును పక్కకు తప్పిస్తూ సాగండి. పక్కన ఇంకో తీగ వేయాల్సి వస్తే మొదటిదానికి ఆనించి, అదే కోణంలో తీసుకెళ్లండి. తీగ మీద తీగ అడ్డంగా దాటితే ఆ రెండూ కలిసే చోట ముందుగా మచ్చ పడుతుంది.

వంచడం

ఇక్కడ తొందర పనికిరాదు. రెండు చేతుల బొటనవేళ్లు వంపు లోపలివైపు ఆనించి, మిగతా వేళ్లతో కొమ్మ బయటివైపును పట్టుకోండి. ఎక్కడ వంచాలనుకున్నారో అక్కడ తీగ చుట్టు వంపుకు బయటివైపు ఉండాలి. చీలిక వచ్చేది బయటివైపే, ఆ చోట తీగ ఉంటే అది నారలను ఆపి పట్టుకుంటుంది. వంచుతూనే కొమ్మను తీగ తిరిగిన దిశలో కొద్దిగా మెలిపెట్టండి. తీగ బిగిసి కొమ్మను కౌగిలించుకుంటుంది. ఎదురు దిశలో మెలిపెడితే వదులైపోతుంది.

కొమ్మ మీతో మాట్లాడుతుంది. మొదట మెత్తగా లొంగుతుంది, తరువాత ఒక చోట బిగుసుకుంటుంది. ఆ బిగువు వేళ్లకు తెలియగానే ఆగి, పది లెక్కపెట్టండి. మళ్లీ కొంచెం వంచవచ్చు. లోపల చిటచిటమని సన్నని చప్పుడు, తడిబట్ట చిరిగినట్టు, వినబడితే అదే హద్దు. ఆ రోజుకు చాలు. మిగతా వంపు రెండు మూడు వారాల తరువాత తీసుకోవచ్చు, ఒకేరోజు అంతా కావాలని పట్టుబడితే కొమ్మ చేతిలోకి వస్తుంది.

చీలితే? భయపడకండి. కొద్దిగా వెనక్కి తెచ్చి, చీలిక పెదవులు కలిపి, సైకిలు ట్యూబు సన్నని పట్టీతో గట్టిగా చుట్టండి. సగం దాకా చీలిన జువ్వి కొమ్మలు కూడా బతుకుతాయి. వేలంత లావు కొమ్మను వంచాల్సి వస్తే ముందుగానే తడిపిన అరటినార చుట్టి, దాని మీద తీగ వేయండి. నార బెరడును కాపాడుతుంది.

ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు మొదటిసారి ఇది చూసినప్పుడు, "మామయ్యా, చెట్టుకు నొప్పి పుట్టదా?" అని అడిగింది. నొప్పి సంగతి నాకు తెలియదు గానీ గాయం సంగతి తెలుసు, దాన్నే చెప్పాను. వంచితే నారలు కొన్ని తెగుతాయి, చెట్టు వాటిని మాన్పుకుంటుంది, ఆ మానిన తీరులోనే కొమ్మ కొత్త వంపులో స్థిరపడుతుంది. మాన్పుకునే బలం లేని చెట్టు మీద చేయి వేయకూడదు. అందుకే ఆకులు వాడినదానికి, కొత్తగా కుండీ మార్చినదానికి తీగ చుట్టను. "ఇలా కుండీలో ఎన్నాళ్లు బతుకుతుంది?" అని మళ్లీ అడిగింది. వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవనంలో ఒక తెల్ల పైన్ ఉంది, యమకి కుటుంబం పెంచినది. 1625 నుంచి కుండీలో పెరుగుతున్నదని చెబుతారు. 1945లో హిరోషిమా మీద అణుబాంబు పడ్డప్పుడు ఆ ఊళ్లోనే ఉండి బతికింది, 1976లో అమెరికాకు కానుకగా వెళ్లింది. అది విన్నాక మేనకోడలు ఇంకేమీ అడగలేదు, కత్తెర అందుకుంది.

చుట్టాక మన ఊళ్లో జాగ్రత్తలు

రెండు వారాలు నీడలో ఉంచండి. మధ్యాహ్నం ఎండలో తీగ కాలిపోతుంది, పలచని బెరడు ఆ వేడికి కమిలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అసలు చుట్టవద్దు. ఫిబ్రవరి, మార్చి అనుకూలం, లేకపోతే మొదటి వానలు పడ్డాక జూన్ చివర. బీచ్‌కు దగ్గరలో ఉన్నవారి డాబాల మీద ఉప్పుగాలి ఆకుల అంచులు మాడ్చేస్తుంది, రెండు రోజులకొకసారి ఆకులు మంచినీళ్లతో కడగండి. నెలరోజులు ఎరువు వేయకండి.

చుట్టిన రోజే చిన్న టేపు ముక్క మీద తేదీ రాసి కుండీకి అంటించండి. నా మతిమరుపు ఖరీదు ఆ జువ్వి కొమ్మ మీద ఉంది. వానాకాలంలో చుట్టిన ఫైకస్‌ను మూడో వారం నుంచి ప్రతి ఆదివారం చూడాలి. చూడటమంటే దూరం నుంచి కాదు. కళ్లద్దాలు పెట్టుకుని, తీగకు ఇరుపక్కలా బెరడు లేస్తోందా, తీగ నీడ సన్నబడుతోందా అని వెతకాలి. ముందుగా కొరికేది కొమ్మ మొదట్లోనూ, కొత్త పెరుగుదల ఎక్కువున్న పైభాగంలోనూ. నాలుగు నుంచి ఆరు వారాల్లో మా డాబా మీద తీయాల్సి వస్తోంది. నవంబరులో చుట్టినది రెండు మూడు నెలలు ఉంటుంది. సరుగుడు ఇంకా ఎక్కువ కాలం తీసుకుంటుంది, అయినా చూడటం మానవద్దు.

తీసేటప్పుడు విప్పకండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, నేను అన్నిటికంటే కష్టపడి నేర్చుకున్నది కూడా. మా దుకాణంలో రాగి బేడెత్తు కూడా పారేయం, తూకం వేసి అమ్ముతాం. ఆ బుద్ధితోనే తీగను జాగ్రత్తగా వెనక్కి విప్పి దాచుకుందామని చూశాను. గట్టిపడ్డ రాగి వెనక్కి తిరుగుతూ, రెండు నెలలు పెంచిన రెమ్మను కణుపు దగ్గర పుటుక్కున విరిచేసింది. కటింగ్ ప్లేయర్ ముక్కును చుట్టుకొక చోట పెట్టి, తీగను ముక్కలు ముక్కలుగా కత్తిరించండి. ముక్కలు వాటంతటవే రాలుతాయి. తీగ బెరడులోకి దిగిపోయి ఉంటే లాగవద్దు, కనిపించినంత మేర కత్తిరించి మెల్లగా ఊపి తీయండి, రాని ముక్కను చెట్టుకే వదిలేయండి.

తీశాక కొమ్మ కొంత వెనక్కి లేస్తుంది. సగం నిలిచినా మంచి ఫలితమే. రెండు మూడు వారాలు విశ్రాంతినిచ్చి, ఈసారి పాత మచ్చల మీద పడకుండా వేరే దారిలో చుట్టండి. దక్షిణ చైనాలోని లింగ్నాన్ పద్ధతిలో తీగ కంటే కత్తెరకే పెద్దపీట వేస్తారు. కొమ్మను పెరగనిచ్చి, కావలసిన దిశలో ఉన్న కణుపు పైన కత్తిరిస్తే, కొత్త చిగురు ఆ దిశలోనే వెళుతుంది. చకచకా పెరిగే మన జువ్వికి ఇది బాగా సరిపోతుంది. నేను ఇప్పుడు మాను, మొదటి కొమ్మల వంపు మాత్రమే తీగతో తెచ్చి, మిగతాదంతా కత్తెరకు వదిలేస్తున్నాను.

అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వార్త వినగానే కుండీలన్నీ పిట్టగోడ మీద నుంచి కిందికి దించండి. తీగ చుట్టినవాటిని ముందు దించండి, గాలికి ఊగే కొమ్మ మీద తీగ రంపంలా కోస్తుంది. చెట్టును కుండీకి కట్టకుండా ఉంటే అది మొదలంటా పెకలి వస్తుంది. కుండీ అడుగు చిల్లుల్లోంచి ఒక తీగ పైకి తెచ్చి, వేళ్ల మీదుగా కట్టి ఉంచండి.

మేనకోడలు జూన్ 28న చుట్టిన రావి మొక్క మీద టేపు ఉంది. నిన్న సాయంత్రం చూశాను, రెండో చుట్టు దగ్గర బెరడు అప్పుడే లేస్తోంది. వచ్చే ఆదివారం దాకా ఆగదు. రేపు తను కాలేజీ నుంచి రాగానే తీయించాలి. కటింగ్ ప్లేయర్ ముక్కుకు కాస్త నూనె రాసి పెట్టాను.